అలుగు లేని చెరువు: జ్ఞాపకాన్ని లెక్కల్లోకి తేవడం

(జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా హన్మకొండలో డిగ్రీ, పీజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ జంపఖానా మీద చోటుంది. గంటసేపు మాట్లాడుకోవాలి, అంతసేపు నిలబడి వినడం కష్టం.

మీలో బండి మీద వచ్చినవారు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. బండి ఎక్కడ పెట్టారో గుర్తుందా? ఉంది. నిన్న ఎక్కడ పెట్టారో గుర్తున్నవారు మాత్రమే చేతులు అలాగే ఉంచండి. కొన్ని దిగాయి. పోయిన గురువారం? అన్నీ దిగిపోయాయి. చూడండి, అదే షెడ్డు, అదే చెట్టు నీడ, అదే బండి. రోజూ దాదాపు ఒకే దృశ్యం. అయినా సాయంత్రం బయటికి వెళ్లాక మీ కాళ్లు నిన్నటి చోటికి కాకుండా ఇవాళ్టి చోటికే నడుస్తాయి. ఎలా? ఇంత చిన్న ప్రశ్నకు పూర్తి సమాధానం ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు. సగం ఉంది. ఆ సగం మీకు చెప్పి, మిగిలిన సగం మీ చేతిలో పెట్టి వెళ్లాలని వచ్చాను.

నేను చేసే పని ఏమిటంటే, మెదడు ఒక విషయాన్ని ఎలా దాచుకుంటుందో, ఎలా బయటికి తీస్తుందో సమీకరణాలుగా రాసి, కంప్యూటర్ మీద నడిపి చూడటం. పుస్తకాల్లో దీన్ని గణన నాడీశాస్త్రం అంటారు. పేరు చూసి భయపడకండి. ఇందులోకి నేను పేరు చూసి రాలేదు, మా పెద్దమ్మను చూసి వచ్చాను.

పెద్దమ్మది పరకాల దగ్గర పల్లె. చివరి నాలుగేళ్లు మతిమరుపు జబ్బుతో గడిచాయి. మొట్టమొదట ఆమెకు దారి పోయింది. నలభై ఏళ్లు నడిచిన వీధిలో, ఇంటికి నాలుగు గడపల అవతల నిలబడి, "మా ఇల్లెక్కడ బిడ్డా" అని అడిగింది. తర్వాత పేర్లు పోయాయి. కొడుకును చూసి తమ్ముడనుకునేది. కానీ బతుకమ్మ రోజుల్లో వాకిట్లో ఆడవాళ్లు పాట ఎత్తుకోగానే పెద్దమ్మ గొంతు కలిపేది. చరణం తర్వాత చరణం, ఒక్క మాట తప్పేది కాదు. ఒకనాడు నేను పాట మధ్యలో ఆపి, "ఆ తర్వాత ఏమిటి పెద్దమ్మా?" అన్నాను. చెప్పలేకపోయింది. నా ముఖంలోకి చూసింది, చేతులు చూసుకుంది. కాసేపటికి మళ్లీ మొదటి చరణం నుంచి ఎత్తుకుని పాటంతా పాడింది. ఆపిన చోటు దగ్గర తడబడనే లేదు.

దారి ముందు ఎందుకు పోయింది? పాట చివరిదాకా ఎందుకు నిలిచింది? ఆ పాటలోకి మధ్యలో నుంచి తలుపు ఎందుకు లేదు? ఈ మూడు ప్రశ్నలు నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇవాళ మాట్లాడేదంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

మొదటి సంగతి. జ్ఞాపకం అన్నది ఒక్కటి కాదు. ఈ మాట మనకు ఒక మనిషి జీవితం ద్వారా తెలిసింది. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి తీవ్రమైన మూర్ఛలు వచ్చేవి. 1953లో విలియం స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు ఆయన మెదడులో కణతల లోపల లోతుగా ఉండే భాగాన్ని రెండు వైపులా తీసేశారు. అందులో హిప్పోక్యాంపస్ అనే భాగం చాలావరకు పోయింది. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి 2008లో చనిపోయేదాకా ఆయనకు కొత్త సంఘటన ఏదీ నిలవలేదు. ఇప్పుడే మాట్లాడి వెళ్లిన మనిషి తిరిగి వస్తే కొత్తవారే. బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు ఆయనతో ఒక పని చేయించారు. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయాలి. చేయి ఒకవైపు పోవాలనుకుంటే అద్దం మరోవైపు చూపిస్తుంది, చాలా కష్టం. మూడు రోజుల్లో ఆయన చక్కగా గీయడం నేర్చుకున్నారు. కానీ ప్రతిరోజూ, తానెప్పుడూ ఆ పని చేయలేదనే చెప్పేవారు! చేతికి గుర్తుంది, మనిషికి గుర్తులేదు. అంటే అవి రెండు వేర్వేరు వ్యవస్థలు.

పెద్దమ్మ మొదటి ప్రశ్నకు సమాధానం ఈ దారిలోనే దొరుకుతుంది. 1971లో జాన్ ఓకీఫ్, జొనాథన్ డోస్ట్రోవ్‌స్కీ ఎలుక హిప్పోక్యాంపస్‌లో చోటును గుర్తించే కణాలు కనిపెట్టారు. ఎలుక గదిలో ఒక మూలకు వెళ్తే ఒక కణం మోగుతుంది, అంటే విద్యుత్ సంకేతం పంపుతుంది, మరో మూలకు వెళ్తే మరొకటి. 2005లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ బృందం దాని పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లో, నేల మీద ముగ్గు చుక్కలు పెట్టినంత క్రమంగా మోగే కణాలను చూపింది. ఓకీఫ్‌కు, మోసర్ దంపతులకు 2014లో నోబెల్ వచ్చింది. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు చాలామందిలో మొదట తాకేది ఆ ఎంటోరైనల్ ప్రాంతాన్నే. ముగ్గు చెరిగిపోతే దారి పోదా? ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు లెక్కలకు వద్దాం. జీవశాస్త్రం విద్యార్థులు కంగారు పడవద్దు, ఒక్క సమీకరణం కూడా రాయను.

1949లో డొనాల్డ్ హెబ్ ఒక ఊహ చెప్పారు. ఒక నాడీకణం మరో కణాన్ని పదే పదే మోగించడంలో పాలుపంచుకుంటే వాటి మధ్య బంధం బలపడుతుంది. 1973లో బ్లిస్, లోమో కుందేలు హిప్పోక్యాంపస్‌లో అలా బలపడటాన్ని కొలిచి చూపించారు. 1982లో జాన్ హాప్‌ఫీల్డ్ అనే భౌతికశాస్త్రవేత్త ఆ నియమాన్నే తీసుకుని ఒక చిన్న వల అల్లారు. 100 కణాలు అనుకోండి. ప్రతి కణం మోగుతుంది లేదా ఊరుకుంటుంది. ప్రతి జంటకు మధ్య ఒక బంధం, మొత్తం 4,950 జంటలు. ఒక బొమ్మ, అంటే ఏ కణాలు మోగాలి, ఏవి ఊరుకోవాలి అనే అమరిక, చూపిస్తే, కలిసి మోగిన కణాల బంధాలు బలపడతాయి. తర్వాత అదే బొమ్మను సగం చెరిపి చూపిస్తే వల తనంతట తాను మిగతా సగం నింపుకుంటుంది. మొదటి చరణం వినగానే పాట అందుకోవడం లాంటిది. ఈ పనికి హాప్‌ఫీల్డ్‌కు 2024లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది, జెఫ్రీ హింటన్‌తో కలిపి.

ఇంత అందమైన వలలో ఒక పెద్ద లోపం ఉంది. నేను పరిశోధనలో స్థిరపడింది ఆ లోపం దగ్గరే. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

ఆ వల ఎన్ని బొమ్మలు పట్టుకోగలదు? కణాల సంఖ్యలో సుమారు 14 శాతం. 100 కణాలకు పద్నాలుగో ఎన్నో. ఆ గీత దాటి ఇంకా నేర్పితే ఏమవుతుంది? కొత్త బొమ్మ పట్టదు, అంతే కదా అనుకుంటాం. అలా కాదు. పాతవి కూడా పోతాయి. అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఏది అడిగినా ఏదో ఒక గజిబిజి బయటికి వస్తుంది.

మనం చెరువుల గడ్డ మీద పుట్టినవాళ్లం. చెరువు నిండితే ఏం జరుగుతుంది? అలుగు పారుతుంది. ఎక్కువైన నీరు మత్తడి మీదుగా దిగిపోతుంది, కట్ట నిలుస్తుంది. అలుగు లేని చెరువు నిండితే? కట్ట తెగుతుంది. అప్పుడు పోయేది ఎక్కువైన నీరు ఒక్కటే కాదు, చెరువే పోతుంది. హాప్‌ఫీల్డ్ వల అలుగు లేని చెరువు.

మరి మన మెదడు రోజూ కొత్తవి నేర్చుకుంటూనే ఉంది కదా, కట్ట ఎందుకు తెగడం లేదు? ఎక్కడో అలుగు ఉండాలి. మనం తిట్టుకునే మరుపు ఉందే, అదే ఆ అలుగు. 1986లో జార్జియో పరీసీ, తర్వాత 2021లో నోబెల్ అందుకున్న ఆయనే, వలలో బంధాల బలానికి ఒక హద్దు పెట్టి చూశారు. హద్దు పెట్టగానే పాత బొమ్మలు మెల్లగా మాసిపోతాయి, కొత్తవి వస్తూ ఉంటాయి, వల ఎప్పటికీ కుప్పకూలదు. కానీ ఒకేసారి నిలిచే బొమ్మల సంఖ్య బాగా తగ్గుతుంది. 2005లో ఫూసీ, డ్రూ, అబట్ ఇంకో మెట్టు ఎక్కారు. ఒక్కో బంధానికి పైపొర, లోపొర లాంటి దశలు ఉంటే, కొత్తవి పైపొరలో రాసుకుని, పదే పదే వచ్చినవి లోపలికి ఇంకితే? అప్పుడు త్వరగా నేర్చుకోవడం, చాలాకాలం దాచుకోవడం రెండూ కొంతవరకు సాధ్యమవుతాయి. సరే, అయితే ఏది ఇంకాలి, ఏది పారిపోవాలి అని నిర్ణయించేది ఎవరు? పెద్దమ్మలో పాటను లోపొరలో పెట్టింది ఎవరు? ఏటేటా పాడటమా, చుట్టూ చప్పట్లా, ఆ సంతోషమా? ఇక్కడ దారి ఇంకా పడలేదు.

ఇంకో చిక్కు. ఇది మీరే చేసి చూడవచ్చు. పది గళ్లు అడ్డం, పది గళ్లు నిలువు గీసి తెలుగు అక్షరాలను నలుపు తెలుపు గళ్లుగా మార్చి ఆ వలకు నేర్పండి. పద్నాలుగు దాకా పడతాయి అన్నాను కదా? పడవు. అంతకు ముందే తడబడుతుంది. ఎందుకంటే ఆ 14 శాతం లెక్క ఒకదానితో ఒకటి పోలిక లేని బొమ్మలకు. మన ప, వ, ష, ఫ చూడండి, అక్కచెల్లెళ్లు. మ, య చూడండి. వల వాటిని కలిపేసి ఏ అక్షరమూ కాని అక్షరం ఒకటి సృష్టిస్తుంది.

ఇది మీ బండి ప్రశ్నే కదా! నిన్నటి చోటు ప అయితే ఇవాళ్టి చోటు వ. మెదడు వాటిని ఎలా విడదీస్తుంది? హిప్పోక్యాంపస్ గుమ్మంలో డెంటేట్ గైరస్ అనే పొర ఉంది. ఎలుకలో ఒక్కో వైపు అందులో సుమారు 10 లక్షల చిన్న కణాలు ఉంటాయి. వాటికి వార్త పంపే కణాలకంటే ఇవి అనేక రెట్లు ఎక్కువ. కానీ ఒక సమయంలో మోగేవి చాలా కొద్ది. పోలిక ఉన్న రెండు దృశ్యాలు వస్తే, ఈ కొద్ది కణాల జట్లు దాదాపు వేర్వేరుగా ఉంటాయి. ముందు విడదీయడం, తర్వాత దాచడం. 1971లోనే డేవిడ్ మార్ ఈ దిశలో హిప్పోక్యాంపస్‌కు ఒక గణిత సిద్ధాంతం రాశారు. ఇది నేను చెప్పిన సగం సమాధానం. వారం తర్వాత గురువారం ఎక్కడికి పోయిందన్నది మిగతా సగం.

దానికి మళ్లీ చెరువుల దగ్గరికే రావాలి. కాకతీయుల కాలం నుంచి మన దగ్గర చెరువు ఒంటరిగా ఉండదు. గొలుసుకట్టు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. 1995లో మెక్‌క్లెలండ్, మెక్‌నాటన్, ఓరైలీ ముగ్గురూ దాదాపు ఇలాంటి మాటే అన్నారు. హిప్పోక్యాంపస్ ఒక్కసారి చూసింది వెంటనే పట్టుకుంటుంది, అది చిన్న చెరువు. మెదడు బయటి పొర అయిన కార్టెక్స్ చాలా నెమ్మదిగా నేర్చుకుంటుంది, అది పెద్ద చెరువు. మొదటిది రెండోదానికి కొంచెం కొంచెంగా అందిస్తుంది. ఎందుకంత నెమ్మది? అంతకు ముందు 1989లో మెక్‌క్లోస్కీ, కోహెన్ ఒక కృత్రిమ వలకు ఒకట్లు కూడటం నేర్పి, తర్వాత రెండ్లు కూడటం నేర్పారు. రెండ్లు వచ్చేసరికి ఒకట్లు పోయాయి. తొందరగా నేర్చుకునే పెద్ద వలకు ఆ ప్రమాదం ఉంది.

మరి అందించడం ఎప్పుడు జరుగుతుంది? నిద్రలో. 1994లో విల్సన్, మెక్‌నాటన్ చూపించారు, మెలకువలో తిరుగుతున్నప్పుడు ఎలుకలో కలిసి మోగిన కణాలు తర్వాత అది నిద్రపోతున్నప్పుడు మళ్లీ కలిసి మోగాయి. పగటి దారిని రాత్రి మళ్లీ నడుస్తున్నట్టు. పరీక్షల ముందు రాత్రంతా మేల్కొనే పిల్లలూ, ఈ మాట గట్టిగా పట్టుకోండి.

చెరువు పోలిక ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. పోలికను నమ్మేస్తే పరిశోధన చెడుతుంది. నీరు కిందికి పోతే పై చెరువులో తగ్గుతుంది. జ్ఞాపకం అలా ఖాళీ అవుతుందా? 1997లో నాడెల్, మోస్కోవిచ్ కాదన్నారు. కళ్లకు కట్టినట్టు గుర్తుండే సంఘటనలు ఎన్నేళ్లయినా హిప్పోక్యాంపస్ మీదే ఆధారపడతాయని వారి వాదం. ఆ చర్చ తేలలేదు. రెండు వాదాలనూ సమీకరణాలుగా రాసి, ఎక్కడ వేర్వేరు ఫలితాలు ఇస్తాయో చూపించగలిగితే ప్రయోగం చేసేవారికి ఏం కొలవాలో తెలుస్తుంది. నమూనా కట్టడం అంటే ఇదే. తప్పని తేలడానికి వీలున్న నమూనా కట్టాలి. ఏ ఫలితం వచ్చినా సరిపోయే నమూనా వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ఇప్పుడు పాట. హాప్‌ఫీల్డ్ వలలో బంధం రెండు వైపులా సమానం. పాట అలా ఉండదు. ఒక చరణం తర్వాతి చరణాన్ని లాగుతుంది, వెనక్కి లాగదు. అక్షరమాల వెనక నుంచి ఎవరైనా చెప్పగలరా? ప్రయత్నించండి. కష్టం కదా? ఒకవైపు దారులు ఉన్న వలలు కట్టి, వరుసలను దాచడం ఎలాగో 1970ల నుంచే పరిశోధకులు చూపిస్తున్నారు. కానీ పెద్దమ్మలా, మొదటి నుంచి అయితే చివరిదాకా వెళ్లేది, మధ్యలో ఆపితే మొదలుపెట్టలేనిది, అలాంటి వల జబ్బు వల్ల ఎలా తయారవుతుంది? ఏ బంధాలు తెగితే అలా అవుతుంది? చాలామంది రోగుల్లో పాట ఆలస్యంగా పోతుందని వైద్యులకు తెలుసు. ఎందుకని లెక్కతో చెప్పడం మనకు మిగిలిన పని.

తెలుగు శాఖ విద్యార్థులు వచ్చారని విన్నాను. మీరు రావడం నాకు చాలా సంతోషం. ఎందుకంటే ఈ రంగంలో మీ దగ్గర ఉన్న సంపద ఇంకెవరి దగ్గరా లేదు. అష్టావధానం చూశారు కదా. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, ఇలా ఎనిమిది వైపుల నుంచి పృచ్ఛకులు. ఒక్కో ఆవృతంలో ఒక్కో పాదం. మధ్యలో గంటలు కొడతారు, అప్రస్తుత ప్రసంగం చేస్తారు. చివర ధారణలో అవధాని పద్యాలన్నీ అప్పజెబుతారు. అడ్డంకుల మధ్య అసంపూర్తి వస్తువులను విడివిడిగా పట్టుకోవడం ఎలా? ప్రయోగశాలలో ఎంతో కష్టపడి తయారుచేసే పరీక్ష మన సభల్లో తరతరాలుగా నడుస్తోంది.

నా అనుమానం ఛందస్సు మీద. ఉత్పలమాల తీసుకోండి. పాదానికి 20 అక్షరాలు. గురులఘువుల వరుస ముందే తెలుసు. పదో అక్షరం దగ్గర యతి. రెండో అక్షరం ప్రాస, నాలుగు పాదాల్లోనూ అదే హల్లు. అంటే ఒక పాదం దొరికితే మిగతా మూడింటిలో ఒక్కో హల్లు ఉచితంగా దొరికినట్టే. సగం చెరిగిన బొమ్మను వల నింపుకున్నట్టు, సగం చెరిగిన పద్యాన్ని ఛందస్సు నింపుతోందా? ఎంత నింపుతోంది? ఇది కొలవదగిన ప్రశ్న. అక్షరాల గణాంకాలు తీసి, ప్రతి నియమం ఎన్ని అవకాశాలను కొట్టివేస్తుందో లెక్కించవచ్చు. తెలుగు విద్యార్థి ఒకరు, గణితం విద్యార్థి ఒకరు కలిసి కూర్చుంటే ఈ ఏడాదే మొదలవుతుంది.

ఒగ్గు కథ మరో ప్రపంచం. మల్లన్న కథను రాత్రంతా చెబుతారు, వచనం, పాట కలగలిపి. అదే కళాకారుడు రెండు ఊళ్లలో చెప్పిన అదే ఘట్టాన్ని రికార్డు చేసి పక్కపక్కన పెట్టండి. ఏ మాటలు చెక్కుచెదరలేదు, ఏవి అప్పటికప్పుడు పుట్టాయి? ఎముకలు ఏవి, కండ ఏది? ఒక్క మాట, ఇలాంటి పని చేసేటప్పుడు వారి అనుమతి తీసుకోవాలి, సంస్థ నైతిక సమితి ఆమోదం తీసుకోవాలి. వారిని ఈ విద్యలో గురువులుగా భావించి కూర్చోవాలి.

ఇంకొకటి మన నేలకే చెందినది. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది మతిమరుపు రోగుల వివరాలు చూస్తే, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివారిలో కూడా ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే మన పెద్దలను తలచుకోండి. ఎందుకలా జరుగుతుంది? రెండు భాషలు నేర్చిన వలను, ఒకటే నేర్చిన వలను ఒకేలా దెబ్బతీసి చూస్తే తేడా వస్తుందా? వస్తే ఏ రకం దెబ్బకు వస్తుంది? దీనికి కావలసింది ఒక కంప్యూటర్, ఓపిక.

పరికరాలు లేవని అనకండి. నాడీకణం ఎలా మోగుతుందో చెప్పే సమీకరణాలను హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో ప్రచురించారు. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ అందుబాటులో లేకపోతే హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రంతో వాటిని సాధించారు. మీ ఫోనులో అంతకంటే ఎన్నో రెట్ల శక్తి ఉంది. న్యూరాన్, బ్రయాన్, నెస్ట్ అనే సిమ్యులేటర్లు ఉచితం. ఇతరులు కట్టిన నమూనాలు మోడల్‌డీబీలో ఉంటాయి. జంతువుల మెదడు నుంచి సేకరించిన రికార్డింగులు డాండీ లాంటి భాండాగారాల్లో అందరికీ తెరిచి ఉంటాయి. మొదట అచ్చయిన నమూనా ఒకటి తీసుకుని మీ చేత్తో మళ్లీ కట్టండి. అందులోని ఒక్క పటం అలాగే వచ్చేదాకా వదలకండి. నాకు మొదటి పటం రావడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలల్లో నేర్చుకున్నంత తర్వాత ఏ ఏడాదిలోనూ నేర్చుకోలేదు.

చదవాల్సినవి సరళ బీజగణితం, సంభావ్యత, అవకలన సమీకరణాలు, పైథాన్. జీవశాస్త్రం వారు రోజుకు గంట చొప్పున ఏడాదిలో అందుకోగలరు. నేర్చుకోవడానికి న్యూరోమ్యాచ్ అకాడమీ పాఠాలు 2020 నుంచి ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్పుకు దరఖాస్తు చేయండి, ప్రయోగశాలలో రెండు నెలలు గడపవచ్చు. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో జ్ఞాపకం, బంధాల మార్పు మీదే ప్రత్యేకంగా క్యాంప్ అనే శిక్షణ శిబిరం ఉంది. పీహెచ్‌డీ కోసం అక్కడే ఐఐఎస్‌సీ, దూరం వద్దనుకుంటే హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఇంకా ఐఐటీ మద్రాసు, మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం. ప్రవేశాల వివరాలు వాటి వెబ్‌సైట్లలో చూసుకోండి.

సి ఎలిగాన్స్ అనే చిన్న పురుగుకు 302 నాడీకణాలు. వాటి తీగల పటం 1986లోనే అచ్చయింది. ఆ పురుగు తర్వాతి క్షణం ఏం చేస్తుందో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేం. పండ్ల ఈగ మెదడు పటం 2024లో పూర్తయింది, దాదాపు 1,39,000 కణాలు. పటం వచ్చినంత మాత్రాన పాట అర్థం కాదు. అన్నీ అయిపోయాయి, ఇక మాకేం మిగిలింది అని ఎవరైనా అంటే ఆ పురుగును చూపించండి.

ప్రశ్నలు ఉన్నవారు ఇక్కడే ఉండండి. పక్క గదిలో కంప్యూటర్లు తెరిచి ఉంచారు, చిన్న ప్రోగ్రాం ఒకటి వాటిలో పెట్టాను. మొదట క, మ రెండే నేర్పండి. సగం చెరిపి అడగండి, చెబుతుంది. తర్వాత ప, ఆ తర్వాత వ, ఆ తర్వాత ష. ఏ అక్షరం దగ్గర కట్ట తెగిందో కాగితం మీద రాసి, పేరు పెట్టి నాకు ఇవ్వండి. నేను ఆరింటి బస్సుకు వెళ్తాను, అప్పటిదాకా ఆ గదిలోనే ఉంటాను.